అప్‌గ్రేడ్ చేశాక లిబ్రేఆఫీస్ తెరుచుకోవడం లేదా?

కొత్త వెర్షన్ వేశారు. ఐకాన్ నొక్కితే లోగో కనబడి వెంటనే మాయమైపోతోంది. ఇలాంటప్పుడు చాలామంది మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. తొందరపడకండి. మీ సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు (విడిగా కలుపుకున్న అదనపు సదుపాయాలు) ఉండే ‘యూజర్ ప్రొఫైల్’ ఫోల్డర్ మామూలుగా ప్రోగ్రామ్‌తో పాటు పోదు. లోపం అందులో ఉంటే ఎన్నిసార్లు వేసినా పాత జబ్బు తిరగబెడుతుంది. మీ డాక్యుమెంట్లు వేరేచోట ఉంటాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ వద్దు.

విండోస్‌లో ఈ వరుసలో చూడండి.

1. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. వెనకాల ఇరుక్కుపోయిన పాత ప్రాసెస్ ఏదైనా ఉంటే పోతుంది.

2. స్టార్ట్ మెనూలో లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్ తెరవండి. ఇది 2017లో 5.3 వెర్షన్‌తో వచ్చింది. మీ ప్రొఫైల్‌ను పక్కనపెట్టి, తాత్కాలిక ప్రొఫైల్‌తో నడుస్తుంది. అందులో ‘కంటిన్యూ’ నొక్కితే సవ్యంగా తెరుచుకుందా? అయితే ప్రోగ్రామ్ బాగానే ఉన్నట్టు. ఇక్కడా క్రాష్ అయితే నేరుగా 5కు వెళ్లండి.

3. మళ్లీ సేఫ్ మోడ్‌కు వచ్చి, ‘కాన్ఫిగర్’లో ముందు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గ్రాఫిక్స్ చిప్ సాయంతో పని వేగం పెంచే ఏర్పాటు) ఒక్కటే ఆపి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పొసగక కూడా క్రాష్ అవుతుంది. ఫలితం లేకపోతే ఎక్స్‌టెన్షన్లు ఆపండి. రెండూ ఒకేసారి ఆపితే అసలు దోషి ఎవరో తేలదు. కిందనున్న ‘ఫ్యాక్టరీ సెట్టింగులు’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.

4. అయినా మొరాయిస్తుంటే ప్రొఫైల్ మార్చాలి. లిబ్రేఆఫీస్ మూసేసి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టుకోండి. మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, లిబ్రేఆఫీస్, 4 అనే ఫోల్డర్లను వరుసగా తెరవండి. 2024 నుంచి వెర్షన్లకు సంవత్సరాన్ని బట్టి అంకెలు ఇస్తున్నా, ఈ ఫోల్డర్ పేరు ఇంకా 4 గానే ఉంది! అందులోని ‘యూజర్’ ఫోల్డర్‌ను డిలీట్ చేయకుండా పేరు మార్చండి. ప్రోగ్రామ్ తెరవగానే కొత్తది తయారవుతుంది.

అది పనిచేస్తే, ప్రోగ్రామ్ మూసి, పాత ఫోల్డర్‌లోంచి ‘వర్డ్‌బుక్’, ‘ఆటోకర్’, ‘టెంప్లేట్’ ఫోల్డర్లు కొత్తదాంట్లోకి కాపీ చేసుకోండి. మీరు నిఘంటువుకు చేర్చుకున్న తెలుగు మాటలు, ఆటోకరెక్ట్ జాబితా వాటిలోనే ఉంటాయి. ‘రిజిస్ట్రీమాడిఫికేషన్స్’ అనే ఫైల్ మాత్రం తేకండి. సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి గొడవ మళ్లీ వచ్చే అవకాశం ఉంది.

5. సేఫ్ మోడ్‌లోనూ క్రాష్ అవుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. రీఇన్‌స్టాల్ చేయాల్సింది ఇప్పుడే. అదీ కుదరకపోతే లిబ్రేఆఫీస్ డౌన్‌లోడ్ ఆర్కైవ్‌లో పాత వెర్షన్లు ఉంటాయి, మీకు ఇదివరకు పనిచేసినదాన్ని వేసుకోండి.