గాయపడ్డ జింక జాడ పోతే, ముందు తొక్కడం ఆపండి

అమెరికాలో జింకల వేటకు వెళ్లే మనవాళ్ల కోసం ఇది. బాణం తగిలిన వైట్‌టెయిల్ జింక పొదల్లోకి పోతుంది, కాస్త దూరం పోయాక నెత్తురు చుక్కలు ఆగిపోతాయి. వెంటనే నలుగురం కలిసి చుట్టుపక్కలంతా గాలించేస్తాం. మన బూట్లకు అంటిన నెత్తురు అన్నివైపులా పాకి, తర్వాత జాడ పట్టడానికి వచ్చే కుక్క తికమకపడుతుంది.

అందుకే ఇప్పుడు చివరి చుక్క దగ్గర నారింజ రిబ్బన్ కట్టి, ఫోన్‌లో పిన్ పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చేస్తున్నాను. బాణం తుడవను. దాని మీద ఆకుపచ్చ పసరు, పేడ వాసన ఉంటే పొట్టలో తగిలినట్టే. కనీసం 8 గంటలు ఆగాలి. పాపం, నొప్పితో పడుకున్న జింకను తొందరపడి లేపితే ఇంకా దూరం పోతుంది. ముదురు ఎరుపు నెత్తురైతే కాలేయం, 4 నుంచి 6 గంటలు.

ఈలోపు ట్రాకింగ్ కుక్క ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. ఇలాంటి కుక్కలతో జాడ పట్టేవాళ్ల సంఘం యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ సైట్‌లో రాష్ట్రాలవారీగా వివరాలున్నాయి. నెత్తురు కనిపించకపోయినా గిట్టల మధ్య గ్రంథి వాసన కుక్కకు చాలు. మొన్న మాకోసం వచ్చిన డాక్స్‌హుండ్ జాతి కుక్క ముక్కు ఎండుటాకులకు ఆనించి, మేం రెండుసార్లు దాటిపోయిన కంచె దగ్గరే ఆగింది.

వీపు పైకండలో తగిలితే మాత్రం ఇది పనిచేయదు. అలాంటి జింక చాలాసార్లు బతికే ఉంటుంది, కుక్కకు అందదు. కుక్కల వాడకంపై మీ రాష్ట్రం రూల్స్ ముందే చూసుకోండి.