సముద్ర తాబేలు ఉపగ్రహ జాడను పటం మీద చదవడం ఎలా?

ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి సూర్యలంక, నిజాంపట్నం, నాగాయలంక వైపు తీరాలకు వస్తాయి. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా ఒక్క పూటలో చేరుకోగల తీరమే అది. అయినా తల్లి తాబేలు ఇసుక మీద ఉండేది రాత్రిపూట గంటసేపు మాత్రమే. మిగతా జీవితమంతా నీళ్లలోనే గడుస్తుంది. ఆ మిగతా జీవితం కొంతైనా మనకు తెలుస్తున్నదంటే అది చాలావరకు డిప్ప మీద అతికించిన ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ వల్లనే. అటువంటి సమాచారాన్ని పటం మీద పెట్టి అధ్యయనం చేయాలనుకునే డిగ్రీ విద్యార్థుల కోసం, గుంటూరులో కొందరు పిల్లలతో కలిసి ఈ పని చేసిన అనుభవంతో దీనిని రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. పరికరం అమర్చడం ఔత్సాహికుల పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి అనుమతి లేకుండా దానిని పట్టుకోవడమే నేరం. అనుమతి ఉన్న పరిశోధకులు గుడ్లు పెట్టి తిరిగి వెళ్లే తల్లిని ఆపి, డిప్ప మీది నాచును, అంటుకున్న గుల్లలను గీకి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ జిగురుతో పరికరాన్ని బిగిస్తారు. ఉప్పునీటిని గుర్తించే రెండు చిన్న లోహపు బొడిపెల మీద జిగురు పడకుండా చూడటం అందులో అతి ముఖ్యమైన జాగ్రత్త. అవి నీటిలో ఉన్నంతసేపు పరికరం మౌనంగా ఉంటుంది, తాబేలు ఊపిరి కోసం పైకి తేలగానే సంకేతం పంపుతుంది. ఇక్కడ నుంచి మన పని మొదలవుతుంది.

పరిశోధకులు బహిరంగంగా ఉంచిన జాడలు, జంతువుల కదలికల సమాచారం దాచే మూవ్‌బ్యాంక్ వంటి ఆన్‌లైన్ భాండాగారాల్లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవవచ్చు. తెరిచిన వెంటనే, తాబేలు ఉన్న స్థానాలుగా కనిపించే చుక్కలన్నిటినీ కలుపుతూ గీత గీయకండి. మేము మొదటిసారి అదే చేశాము. ఒడిశా నుంచి మన తీరం వెంబడి దక్షిణంగా వెళ్తున్న తాబేలు గీత ఉన్నట్టుండి రేపల్లె దగ్గర వరి పొలాల్లోకి వచ్చి మళ్లీ సముద్రంలోకి పోయింది. తప్పు తాబేలుది కాదు, చుక్కను నమ్మిన మాది.

ఆ చుక్క ఎలా పుడుతుందో తెలిస్తే ఆ తప్పు జరగదు. పెదకాకాని వంటి చిన్న స్టేషన్లో నిలబడితే, ఆగకుండా వెళ్లే రైలు కూత దగ్గరకు వస్తున్నప్పుడు సన్నగానూ, దాటిపోయాక బొంగురుగానూ వినిపిస్తుంది. ఇలాంటి పరికరాల సంకేతాలను అందుకునే ఆర్గోస్ వ్యవస్థ ఉపగ్రహాలు వందల కిలోమీటర్ల ఎత్తున దాటిపోతూ, 401.65 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే తాబేలు సంకేతంలో ఇదే మార్పును కొలుస్తాయి, దాని నుంచి నేల మీది కేంద్రాలు స్థానాన్ని లెక్కగడతాయి. ఒకే దాటులో నాలుగు లేదా అంతకుమించి సంకేతాలు అందితేనే తప్పు ఎంత ఉండవచ్చో చెప్పగలరు. తాబేలు నీటి పైన ఉండేది కొద్దిసేపే కాబట్టి చాలాసార్లు రెండో మూడో అందుతాయి.

అందుకే ఫైలులో ప్రతి చుక్క పక్కన, అది ఎంత నమ్మదగినదో చెప్పే తరగతి గడిని ముందుగా చూడాలి. 3వ తరగతి చుక్కలో తప్పు 250 మీటర్ల లోపు, 2వ దానిలో 500 మీటర్ల లోపు, 1వ దానిలో 1,500 మీటర్ల లోపు ఉంటుందని అంచనా. సున్నా అంటే అంతకు మించినది. ఎ, బి తరగతులకు హామీ ఏదీ లేదు, జెడ్ పనికిరాదు. అయితే ఎ, బి చుక్కలను గుడ్డిగా తీసేస్తే జాడలో ఎక్కువ భాగం పోతుంది. వాటిని వేగంతో పరీక్షించడం మేలు. నాలుగు గంటల తేడాలో 60 కిలోమీటర్లు కదిలినట్లు కనిపిస్తే గంటకు 15 కిలోమీటర్లన్నమాట. 5 కిలోమీటర్లు దాటితేనే అనుమానించాలి. ముందు చుక్క నుంచి మధ్య చుక్కకూ, అక్కడి నుంచి తరువాతి చుక్కకూ వేగం అసాధ్యంగా ఉండి, మధ్యదానిని తీసేస్తే ప్రయాణం సహజంగా కుదిరితే, తప్పు మధ్యదానిదే. తీసేసిన ప్రతి చుక్కకూ కారణం రాసి పెట్టండి, అసలు ఫైలును మాత్రం ముట్టుకోకండి.

సమయం దగ్గర చాలామంది పొరబడతారు. ఫైలులో ఉండేది అంతర్జాతీయ సమయం, దానికి ఐదున్నర గంటలు కలపాలి. అందులో 20:30 అని ఉంటే మనకు మరునాటి తెల్లవారుజాము రెండు గంటలు. గుడ్లు పెట్టే వేళ అదే కాబట్టి, ఈ ఒక్క కూడిక మరిచిపోతే రాత్రి సంఘటన సాయంత్రపు సంఘటనగా మారిపోతుంది.

ఆ తరువాతే అర్థం వెతకాలి. ఒడ్డున రాత్రిపూట 2, 3 తరగతుల చుక్కలు గుంపుగా పడి, తెల్లారేసరికి మళ్లీ నీటిలోకి పోతే తల్లి గూడు పెట్టి ఉండవచ్చు. పొడి గాలిలో సంకేతాలు ఎడతెరిపి లేకుండా అందుతాయి గనుక నాణ్యత పెరుగుతుంది. అదే గుంపు రోజుల తరబడి కదలకుండా ఉంటే తాబేలు చనిపోయి కొట్టుకువచ్చిందేమోనని చూడాలి. చుక్కలు రోడ్డు వెంబడి ఊళ్లోకి సాగితే పరికరం మనిషి చేతికి చిక్కిందని అనుకోవాలి. మగ తాబేళ్లు ఒడ్డుకు రావు కాబట్టి ఇలా తీరంలో అమర్చిన జాడలన్నీ ఆడవాటివేననీ, ఒకటి రెండు జాడలతో జాతి మొత్తం గురించి చెప్పలేమనీ మీ నివేదికలో తప్పక రాయండి.

చివరగా శుద్ధి చేసిన చుక్కలను తేదీలవారీగా విడదీయండి. మన తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది, గూళ్ల కాలం చాలావరకు అంతకుముందే ముగుస్తుంది, అంటే ఆ కాలంలో తాబేళ్లు వలల్లో చిక్కే వీలుంది. ఏప్రిల్ 15కు ముందు తీరానికి దగ్గరగా పడిన చుక్కలెన్నో, అక్కడ లోతెంతో వేరుగా లెక్కించండి. లోతును మీటర్లతో పాటు బారల్లోనూ రాయండి, ఒక బార సుమారు 1.8 మీటర్లు. ఆ కాగితం పట్టుకుని నిజాంపట్నం హార్బరుకు వెళ్లి సరంగులకు చూపించి, ఆ లోతులో ఏ నెలలో ఏ వల వేస్తారో, తాబేలు తప్పించుకునే చట్రం వలకు బిగిస్తే ఎక్కడ ఇబ్బంది అవుతుందో అడిగి, వారు చెప్పినది అదే పటం మీద రాసుకోండి.