పెల్లెట్లు ఏరడానికి అద్దం ముక్క చాలు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్‌లో టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. చేతిలో తప్పు లేకపోయినా అప్పుడప్పుడూ ఒక షాట్ పక్కకు పోతుంటుంది. కొన్నిసార్లు దానికి కారణం పెల్లెట్, అంటే రైఫిల్‌లో వేసే చిన్న గుండు. డబ్బాలో ఒకదానికొకటి తగిలి దాని స్కర్ట్ (వెనకవైపు బోలుగా ఉండే భాగం) అంచు నొక్కుకుపోతుంది. బెంగళూరులో ప్రాక్టీస్ చేస్తున్న మన పిల్లల కోసం ఈ చిట్కా రాస్తున్నాను. మంచి పెల్లెట్లు ఇక్కడ చవకేం కాదు కదా.

అడుగు పొడవున్న అద్దం ముక్కను శుభ్రంగా తుడిచి, ఒక చివర కింద సన్నటి నోట్‌బుక్ పెట్టండి. కింది చివర మెత్తటి గుడ్డ పరవండి, లేకపోతే మంచివి కూడా సొట్టపోతాయి. ఫ్యాన్ ఆపేయండి. పై అంచున స్కెచ్‌పెన్‌తో ఒక గుర్తు పెట్టి, పెల్లెట్‌ను అక్కడ అడ్డంగా ఉంచి, నెట్టకుండా వదలండి. తల ఎప్పుడూ ఎడమవైపే ఉండాలి. తల, స్కర్ట్ సైజుల్లో తేడా ఉంటుంది కాబట్టి అది వంపుగా దొర్లుతుంది. బాగున్నవన్నీ దాదాపు ఒకేచోట దిగుతాయి. దూరంగా పోయినదాన్ని ఇంకోసారి వదిలి చూడండి. మళ్ళీ అలాగే పోతే వార్మప్ షాట్ల కోసం పెట్టుకున్న డబ్బాలో వేయండి, పారేయక్కర్లేదు.

బరువులో తేడా మాత్రం దీనితో తెలియదు. మ్యాచ్‌కి ఏరేటప్పుడు మిల్లీగ్రాము చూపించే త్రాసు కావాల్సిందే. వేర్వేరు బ్యాచ్‌లు కలిపి దొర్లిస్తే లెక్క తప్పుతుంది.

ఇవి సీసంతో చేసినవి. పని అయ్యాక, ఏమైనా తినేముందు, పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి.