ఐదేళ్లుగా అదే సీటు, అదే జీతం: షాపు అకౌంటెంట్‌కు దారి ఎక్కడ మూసుకుపోతోంది?

హోల్‌సేల్ షాపుల్లో లెక్కలు రాసే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు. బీకాం చదివారు, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చు, రోజుకు పది గంటలు కూర్చుంటారు, అయినా ఎదుగుదల లేదు. నేనూ అక్కడినుంచే వచ్చాను కాబట్టి, ఎక్కడ చూసుకోవాలో చెబుతాను.

సమస్య: పనంతా నాదే, ఓనర్‌కు మాత్రం కనిపించదు

కారణం: మనం జరిగిపోయినదాన్నే ఎక్కిస్తున్నాం. బిల్లు వచ్చింది, ఎంట్రీ వేశాం, ఫైలులో పెట్టాం. ఓనర్‌కు కావలసింది, రేపు చేతినుంచి పోయే డబ్బు సంగతి ఇవాళే తెలియడం.

ఒక్క బిల్లు చూడండి. లక్ష రూపాయల పైపులు, 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,18,000. ఆ 18,000 మనకు క్రెడిట్‌గా రావాలంటే, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గాలంటే, సరుకు పంపిన పార్టీ తన ఆర్-1లో (అమ్మకాల బిల్లులు చూపే జీఎస్టీ రిటర్న్‌లో) ఆ బిల్లు చూపించాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు దానికి గడువు తర్వాతి నెల 11వ తేదీ. మన 2బి, అంటే మనకు వచ్చే క్రెడిట్ల జాబితా, 14న తయారవుతుంది. మన 3బి, అంటే పన్ను కట్టే రిటర్న్, 20లోపు పడాలి. చాలామంది 2బి తెరిచేది 19 రాత్రి. అప్పుడు బిల్లు లేదని తెలిసినా చేసేదేమీ ఉండదు, ఆ నెలకు ఆ 18,000 చేతినుంచి కట్టాల్సిందే.

నాకూ ఇలాగే జరిగింది. "ముందే చెబితే వాళ్ల పేమెంట్ ఆపేవాణ్ణి కదమ్మా" అన్నారు ఓనర్ గారు. ఆయన తిట్టి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు.

ఆ తర్వాతి నెలనుంచి 8వ తేదీన పాత నెల పర్చేజ్ రిజిస్టర్ తీసి, పెద్ద బిల్లుల పార్టీలకు ఫోన్ చేసేదాన్ని. "అన్నా, పోయిన నెల మావి మూడు బిల్లులున్నాయి, ఆర్-1లో ఎక్కాయా? మా జీఎస్టీ నంబరు ఒకసారి చదవండి." పదిహేను అక్షరాల నంబరులో ఒక్కటి తేడాగా ఉండేది, అక్కడే దొరికేది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న పార్టీలైతే, క్వార్టర్‌లో మొదటి రెండు నెలల బిల్లులు తర్వాతి నెల 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో (రిటర్న్ కంటే ముందే బిల్లులు ఎక్కించే సదుపాయంలో) పెట్టమని అడగాలి. లేదంటే క్వార్టర్ అయ్యేదాకా ఆ క్రెడిట్ రాదు. ఇంకా ఎక్కని పార్టీల పేర్లు, మొత్తాలు ఒక చీటీ మీద రాసి ఓనర్ టేబుల్ మీద పెట్టేదాన్ని. నాలుగు నెలలు తిరిగేసరికి, పెద్ద చెక్కు మీద సంతకం పెట్టేముందు ఆయనే నావైపు తిరిగి "వీళ్లవి ఎక్కాయా?" అని అడగడం మొదలుపెట్టారు.

సమస్య: నెలాఖరు వస్తే టెన్షన్, తప్పులు

బ్యాంకు స్టేట్‌మెంట్‌ను నెలాఖరుకు వాయిదా వేస్తున్నారు, అంతే. రోజూ షాపు తెరవగానే నిన్నటి స్టేట్‌మెంట్ పదిహేను నిమిషాలు సరిచూడండి. ఎవరు వేశారో తెలియని ఫోన్‌పే డబ్బులు నిన్నటివైతే కౌంటర్‌లో కుర్రాడికి గుర్తుంటాయి, ఇరవై రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండవు.

సమస్య: ఆడిటర్ గారు వస్తే నన్ను ఫైళ్లు అందించడానికే పిలుస్తారు

ఆయన ప్రశ్నలకు జవాబులు మీ దగ్గర లేవు. ఆయన రాకముందే సస్పెన్స్ ఖాతా, అంటే ఎందులో రాయాలో తేలని మొత్తాలు పెట్టే ఖాతా, తెరిచి చూడండి. అందులో ఉన్న ప్రతి మొత్తం పక్కన అది ఏమిటో, ఎందుకు ఆగిందో రాయండి. తేలనివాటిని మీరే ముందుగా ఆయన ముందు పెట్టండి. ఆయన ఒక ఎంట్రీ మారిస్తే, ఎందుకు మార్చారో వెంటనే అడగండి. ఆడిటర్లు చాలామంది ఓపిగ్గా చెబుతారు. నాకు తరుగుదల (ఏటేటా ఆస్తుల విలువ తగ్గించే) లెక్క అలాగే వచ్చింది.

సమస్య: జీతం అడిగితే "చూద్దాం" అంటున్నారు

ఇంటద్దె, పిల్లల ఫీజులు చెప్పి అడుగుతున్నారు. అవి నిజమే, కానీ షాపు లెక్కలో అవి ఎక్కడా రావు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: తేదీ, ఏం పట్టుకున్నారు, ఎంత మిగిలింది. ఏడాది నిండాక, 20వ తేదీ హడావిడి దాటాక, గిరాకీ లేని మధ్యాహ్నం చూసి ఆ పేజీలు ఆయన ముందు పెట్టి, ఎంత కావాలో అంకె చెప్పండి. "మీ ఇష్టం" అనకండి.

అప్పటికీ చూద్దామంటే ఎప్పటిలోగా అని తేదీ అడగండి. ఆ తేదీ కూడా దాటిపోతే వేరే చోట చూసుకోవడంలో తప్పు లేదు. వెళ్లేముందు పాస్‌వర్డ్‌లు, పెండింగ్ బిల్లులు కొత్తవాళ్లకు కూర్చోబెట్టి అప్పగించండి. కొత్త ఓనర్ ముందుగా ఫోన్ చేసేది పాత ఓనర్‌కే.