కాటా బోర్డులో ఏడీసీ లేఅవుట్ ఎలా చేయాలి?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని (మిర్చి బస్తాను) కాటా మీద పెట్టాక అంకె నిలబడకపోతే రైతుకీ చిరాకే, కొనేవాళ్లకీ చిరాకే. నేను మొదటిసారి గీసిన కాటా బోర్డు, అంటే ఎలక్ట్రానిక్ కాటా లోపలి సర్క్యూట్ బోర్డు, ఇంకా వింతగా తప్పేది. డిస్‌ప్లేలో 1 వెలిగితే ఒక బరువు, అదే 8 అయితే ఇంకో బరువు. మూడు రోజులు ప్రోగ్రామ్‌లో వెతికాను. తప్పు మాత్రం బోర్డు మీది రాగి గీతలో ఉంది.

ముందు లెక్క వేసుకోండి

100 కిలోల లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్), వోల్టుకు 2 మిల్లీవోల్టుల రకం అనుకుందాం. 5 వోల్టులిస్తే నిండు బరువుకు 10 మిల్లీవోల్టులు వస్తాయి. ఆంప్లిఫయర్‌తో 200 రెట్లు పెంచితే 2 వోల్టులు. అంటే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) దగ్గర గ్రాముకు 20 మైక్రోవోల్టులు. 2.5 వోల్టుల రిఫరెన్స్ (పోలికకు వాడే స్థిర వోల్టేజీ) ఉన్న 16 బిట్ల ఏడీసీకి ఒక మెట్టు, అంటే అది గుర్తించే అతి చిన్న తేడా, 38 మైక్రోవోల్టులు, దాదాపు 2 గ్రాములు.

ఇప్పుడు నా గీత సంగతి. పావు మిల్లీమీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు. మామూలు 35 మైక్రాన్ల రాగిలో దాని రెసిస్టెన్స్ సుమారు 0.1 ఓమ్. ఆంప్లిఫయర్ గ్రౌండ్‌ను ఏడీసీ గ్రౌండ్‌తో కలిపేది అదే, డిస్‌ప్లే కరెంటు తిరిగి వెళ్లేదీ దాని మీదుగానే. 1కి రెండు సెగ్మెంట్లు (అంకెను కట్టే వెలుగు ముక్కలు) వెలుగుతాయి, 8కి ఏడు. సెగ్మెంట్‌కు 10 మిల్లీఆంపియర్ల చొప్పున తేడా 50. దాన్ని 0.1 ఓమ్‌తో గుణిస్తే 5 మిల్లీవోల్టులు. పావు కిలో! గ్రౌండ్ అంటే సున్నా అని కాలేజీలో చదువుకున్నాం కదా, అక్కడే బోల్తా పడ్డాను.

భాగాలు పెట్టే వరస

లోడ్ సెల్ కనెక్టర్ ఒక అంచున, తర్వాత ఆంప్లిఫయర్, ఏడీసీ, మైక్రోకంట్రోలర్. డిస్‌ప్లే, పవర్ కనెక్టర్ రెండూ అవతలి అంచున. అప్పుడు డిస్‌ప్లే కరెంటు అటు నుంచి అటే పోతుంది, ఆంప్లిఫయర్ గుమ్మం తొక్కదు. గీతలు గీయడానికి కికాడ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం కూడా. అయితే గీతల్ని తనంతట తానే గీసే ఆటోరౌటర్ జోలికి పోకండి.

గ్రౌండ్

నాలుగు పొరల బోర్డయితే రెండో పొర మొత్తం గ్రౌండే. రెండు పొరలదైతే కింది పొరను వీలైనంత ముక్కలు కాకుండా ఉంచండి. అనలాగ్‌కు ఒకటి, డిజిటల్‌కు ఒకటి అని ప్లేన్‌ను (ఆ గ్రౌండ్ రాగి పరుపును) రెండుగా కోయమనే పాత సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. నేను కోయను. వేగంగా మారే సిగ్నల్‌కు రిటర్న్ కరెంటు ఆ గీత కిందే వెనక్కి వస్తుంది. దారిలో కోత ఉంటే చుట్టూ తిరిగి వస్తూ నాయిస్ పంచుతుంది. ఏడీసీకి ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్), డీజీఎన్‌డీ (డిజిటల్ గ్రౌండ్) అని రెండు పిన్నులుంటే కంగారు పడకండి. ఆ పేర్లు చిప్ లోపలి సంగతి చెబుతాయి. బయట రెండింటినీ చిప్ కిందే ఒకే ప్లేన్‌కు కలిపేయండి.

కెపాసిటర్లు

ప్రతి పవర్ పిన్నుకూ 0.1 మైక్రోఫారడ్, పిన్నును ఆనుకునే. రిఫరెన్స్ పిన్నుకు ఇంకా జాగ్రత్త కావాలి. ఎస్ఏఆర్ రకం (ఒక్కో బిట్‌ను వరసగా పోల్చి తేల్చే) ఏడీసీ ఒక్కో బిట్ తేల్చేటప్పుడు రిఫరెన్స్ నుంచి గుక్కెడు చార్జ్ లాగుతుంది. డేటాషీట్ చెప్పిన కెపాసిటర్‌ను చిప్ ఉన్న వైపే, మధ్యలో వయా (పొరల్ని కలిపే రంధ్రం) లేకుండా పెట్టండి. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో సీ0జీ రకం సిరామిక్ కెపాసిటర్ వాడండి. ఎక్స్7ఆర్ రకం విలువ వోల్టేజీతో పాటే మారిపోతుంది. ఏడీసీ డేటా, క్లాక్ గీతల్లో 33 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి వేస్తే చాలు.

వేడెక్కే రెగ్యులేటర్‌ను ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు దూరంగా ఉంచండి. రెండు ఇన్‌పుట్‌ల టంకాల మధ్య ఒక డిగ్రీ తేడా వచ్చినా మైక్రోవోల్టు పుట్టొచ్చు. ఇన్‌పుట్ దగ్గర అది 10 గ్రాములు. మే నెలలో, మూత బిగించిన పెట్టెలో, ఒక డిగ్రీ ఎంతసేపు?

పరీక్ష

లోడ్ సెల్ తీసేసి, ఆంప్లిఫయర్ రెండు ఇన్‌పుట్‌లనూ కలిపి 2.5 వోల్టులకు కట్టండి. సున్నా కిందికి పోకుండా ఆంప్లిఫయర్ రిఫరెన్స్ పిన్నుతో అవుట్‌పుట్‌ను కాస్త పైకి ఎత్తి ఉంచి, 5,000 రీడింగులు తీసి ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో గ్రాఫ్ గీయండి. ఒక్క గుట్టగా వస్తే మంచిదే, రెండు గుట్టలుంటే డిజిటల్ నాయిస్ ఎక్కడినుంచో దూరుతోందని అనుమానించాలి. తర్వాత డిస్‌ప్లేలో 1111 వెలిగించి ఒకసారి, 8888 వెలిగించి ఒకసారి సగటు చూడండి. సగటు కదిలితే మళ్లీ గ్రౌండ్ గీతల దగ్గరికే వెళ్లాలి.