పాత కంప్యూటర్‌కు తక్కువ ఖర్చులో మదర్‌బోర్డు ఎంచుకోవడం ఎలా?

పదేళ్లు దాటిన కంప్యూటర్‌కు స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతున్నా తెర మీద ఏమీ రాకపోతే, రిపేరు చేసేవారి నోట సాధారణంగా వచ్చే మాట "బోర్డు పోయింది" అనే. ఆ మాట మీద డబ్బు పెట్టేముందు ఒక గంట వెచ్చించండి. కరెంటు తీగ పీకేసి, ర్యామ్‌ను (మెమరీ ముక్కలను) బయటకు తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మృదువుగా రుద్ది, ఒక్కో ముక్కను ఒక్కో స్లాటులో మార్చి మార్చి పెట్టి చూడాలి. బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ మార్చి చూడాలి. తెలిసినవారి దగ్గర బాగా పనిచేసే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఉంటే తెచ్చి తగిలించి చూడాలి. ఇవన్నీ అయ్యాకనే కొత్త బోర్డు గురించి ఆలోచించడం మంచిది.

ఎంపికలో మొదట చూడవలసింది ధర కాదు, మీ దగ్గరున్న ప్రాసెసర్. మన ఊళ్లలో దుకాణాల్లోనూ ఇళ్లలోనూ ఇంకా పనిచేస్తున్న అసెంబుల్డ్ కంప్యూటర్లలో ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు కనిపిస్తూ ఉంటాయి కాబట్టి వాటినే ఉదాహరణగా తీసుకుందాం. కూలర్ విప్పి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును మెత్తని గుడ్డతో తుడిస్తే ఐ3-2120 (రెండో తరం) అనో ఐ3-3220 (మూడో తరం) అనో పేరు కనబడుతుంది. ఈ రెండింటికీ కావలసింది 1155 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. నాలుగో తరానికి 1150 సాకెట్ కావాలి. అంకెలో తేడా అయిదే అయినా ఒకదానిలో మరొకటి కూర్చోదు. 1151 విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆరు, ఏడు తరాల బోర్డులకూ ఎనిమిది, తొమ్మిది తరాల బోర్డులకూ సాకెట్ పేరు ఒకటే అయినా ఒకదాని ప్రాసెసర్ రెండోదానిలో పనిచేయదు.

1155 సాకెట్‌లో చవకగా దొరికేది హెచ్61 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే ముఖ్యమైన చిప్) ఉన్న బోర్డు. రెండు డీడీఆర్3 రకం ర్యామ్ స్లాట్లు, గరిష్ఠంగా 16 జీబీ ర్యామ్ అనే పరిమితి లెక్కలు రాసుకునే, బిల్లులు కొట్టే కంప్యూటర్‌కు అడ్డు కాదు. అయితే యూఎస్‌బీ 3.0 ఈ చిప్‌సెట్‌లో లేదు, సాటా (డిస్కును బోర్డుకు కలిపే దారి) వేగం కూడా సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగుతుంది. కొంచెం ఎక్కువ పెట్టి బీ75 బోర్డు దొరికితే నేను దానికే ఓటు వేస్తాను: యూఎస్‌బీ 3.0తో పాటు 6 గిగాబిట్ల సాటా పోర్టు ఒకటి ఉంటుంది, ఎస్‌ఎస్‌డీని (వేగంగా పనిచేసే డిస్కును) దానికే తగిలించవచ్చు. పాత హెచ్61 బోర్డులో బయోస్ (స్విచ్ వేయగానే బోర్డును లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయకపోతే మూడో తరం ప్రాసెసర్‌కు డిస్‌ప్లే రాకపోవచ్చు. ఈ సంగతి అమ్మేవారిని ముందే అడగాలి.

వెనకవైపు పోర్టులను కూడా మీ సామానుతో పోల్చి చూసుకోవాలి. మానిటర్‌కు వీజీఏ (పాత రకం తెర ప్లగ్గు) మాత్రమే ఉంటే బోర్డుకూ వీజీఏ ఉండాలి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద బిల్లులు తీసే దుకాణానికి ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్ల వెడల్పాటి ప్లగ్గు పెట్టే చోటు) లేని బోర్డు తెస్తే మర్నాడే పని ఆగిపోతుంది. ఇక పెద్ద కంపెనీల బ్రాండెడ్ కంప్యూటర్లలో కొన్నింటికి కరెంటు ప్లగ్గు మామూలు 24 పిన్నులది కాదు, స్విచ్ తీగల అమరిక కూడా వేరు. వాటికి అదే మోడల్ పాత బోర్డు వెతకడమే దారి.

సెకండ్‌హ్యాండ్ బోర్డు తీసుకోవడంలో తప్పు లేదు, చూసి తీసుకోవడం తెలిస్తే చాలు. ఈ సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకే ఉంటాయి. సాకెట్ మూత ఎత్తి, ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే పిన్నుల కొనలు నారుమడిలోని మొలకల్లా వరుస తప్పకుండా మెరవాలి. ఎక్కడైనా ఒక్క మెరుపు పక్కకు జరిగి ఉంటే అక్కడ పిన్ను వంగిందని అర్థం. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ స్లాటు మొత్తం పనిచేయకపోవచ్చు. సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాల) తలలు చదునుగా ఉండాలి, ఉబ్బినా కారినా ఆ బోర్డు వద్దు. వెనక బిగించే రేకు పలకను కూడా అడిగి తీసుకోండి, అది విడిగా దొరకడం కష్టం.

ఎంత పెట్టవచ్చు? విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అర్హత ఉంది. పైగా కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు పాత బోర్డుకే ముడిపడి ఉంటుంది. కాబట్టి బోర్డు ఖర్చు, ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) కంప్యూటర్ ధరలో సగం దాటుతుంటే ఆ బేరం మానుకోమనే చెబుతాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊరి దుకాణంలో కొన్నా, మీ ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ వెంట తీసుకువెళ్లండి. అక్కడే బిగించి, రెండు ర్యామ్ స్లాట్లలోనూ డిస్‌ప్లే వచ్చేదాకా, ప్రతి యూఎస్‌బీ పోర్టులోనూ పెన్‌డ్రైవ్ తెరుచుకునేదాకా చూసి, వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.