సోంపేట బీల మీద థీసిస్: కాగితాలు ఎలా సంపాదించానంటే

జర్మనీలో పర్యావరణ విధానం మీద మాస్టర్స్ చేస్తున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె, అందుకే థీసిస్‌కి మా బీల భూములనే (నీళ్లు నిలిచే చిత్తడి నేలలు) తీసుకున్నాను. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. ఢిల్లీలోని అప్పీలు సంస్థ అదే రోజు ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ప్రొఫెసర్‌కి మాత్రం కాగితం కావాలి! ఆ అప్పీలు సంస్థేమో అదే ఏడాది పోయి, జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది.

చివరికి పని చేసింది సమాచార హక్కు చట్టమే. విదేశంలో ఉన్నా భారత పౌరులు అడగొచ్చు. కేంద్ర శాఖకి నేనే ఆన్‌లైన్‌లో పెట్టాను, ఫీజు 10 రూపాయలు. జిల్లా ఆఫీసుకి తమ్ముడు తన పేరున పెట్టాడు.

అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. ‘ప్లాంటు వివరాలన్నీ ఇవ్వండి’ అంటే ఏదో ఒకటి రాసి పంపేస్తారు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ మొత్తం వీడియో తీయాలి, సారాంశాన్ని చివర్లో స్థానిక భాషలో జనానికి చదివి వినిపించాలి, జనం లేవనెత్తిన అభ్యంతరాలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి జతచేయాలి. కాబట్టి ఆ మూడూ పేరుపేరునా అడిగాం. 30 రోజుల్లో జవాబు రాకపోయేసరికి మొదటి అప్పీలు వేశాం, అప్పుడు కదిలింది ఫైలు.

అభ్యంతరాల కాగితం చేతికొచ్చింది, థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే. వీడియో ఇంకా ఇవ్వలేదు. రెండో అప్పీలు తమ్ముడు రాస్తున్నాడు.